ముప్పై గుర్రాల బండికి క్లచ్

ఏలూరులో మా అబ్బాజాన్ పెట్టిన షాపును ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. బేరింగులు, బెల్టులు, చైన్లు అమ్ముతాం. రైస్ మిల్లుల వాళ్ళు, వరికోత మిషన్ల వాళ్ళు, చేపల చెరువుల్లో ఏరేటర్లు తిప్పేవాళ్ళు మా దగ్గరికి వస్తుంటారు. మొదట్లో కౌంటర్లో నన్ను చూసి "మీవారు లేరాండీ?" అని అడిగి, లేరంటే మళ్ళీ వస్తామని వెళ్ళిపోయేవారు. ఇప్పుడు మావారు ఎదురుగా నిలబడి ఉన్నా ఆయన్ని దాటుకుని నా దగ్గరికే వస్తారు. ఆయనకూ అదే హాయి. వెనక గదిలో లేత్ మిషను దగ్గర ఆయన పని ఆయన చేసుకుంటారు.

రెండేళ్ళ కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ముదినేపల్లి వైపు నుంచి ఒక రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన మాకు పాతవారే. సొంత కోతమిషను ఉంది. కోతలకు ముందే కావలసినవన్నీ పట్టుకెళ్ళి, మెకానిక్కును పిలవకుండా తనే విప్పి బిగించుకుంటారు. మంచి మాటకారి. వస్తే టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పి గానీ లేవరు. ఆ రోజు మాత్రం గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని నేల చూస్తున్నారు. అమ్మాయే మాట్లాడింది.

"ఆంటీ, గో-కార్టుకి క్లచ్ కావాలండి. చైను కూడా."

తాడేపల్లిగూడెంలో మెకానికల్ ఇంజనీరింగు చదువుతోందట, ఆఖరి సంవత్సరం. గో-కార్టంటే నాలుగు చక్రాల చిన్న రేసు బండి. కాలేజీది కాదు, సొంతంగా కట్టుకుంటోంది. ఫ్రేము అయిపోయింది. చెన్నైలో ఎవరో రేసులు మానేసి అమ్మేస్తుంటే ఇంజను కొనుక్కుంది. ఫోనులో ఫొటో చూపించింది. మోపెడ్ ఇంజనంత ఉంది చూడ్డానికి.

"ఎంత పవరమ్మా?"

"ముప్పై హార్స్ పవరండి."

నేను మళ్ళీ ఫొటో చూశాను. ఎకరాల చెరువులో నీళ్ళు తిరగేసే ఏరేటరు మోటారు రెండు గుర్రాలు. ఈ పిల్ల ముప్పై గుర్రాలు మోచేతి పక్కన పెట్టుకుని, నేలకు జానెడెత్తున కూర్చుంటుంది.

"సీటు బెల్టు ఉంటుందా?"

"కార్టులకి ఉండదండి. తిరగబడితే మనిషి బయటికి విసిరేసినట్టు పడిపోవాలి. బండి కింద ఉండకూడదు కదండీ." ఇడ్లీపిండి ఎలా కలపాలో చెబుతున్నంత మామూలుగా చెప్పింది. స్టూలు మీద ఆయన తల ఎత్తలేదు.

క్లచ్ సంగతి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇలాంటి బండికి కాలితో నొక్కే క్లచ్ ఉండదు. ఇంజను వేగం అందుకుంటే లోపలి షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. డ్రమ్ముకున్న పళ్ళచక్రం చైనును లాగుతుంది, చైను వెనక ఇరుసును తిప్పుతుంది. వేగం తగ్గితే స్ప్రింగులు షూలను వెనక్కి లాక్కుంటాయి, బండి ఆగుతుంది. చెప్పుకుంటే అంతే. అయితే ఏ వేగం దగ్గర పట్టుకోవాలన్నది స్ప్రింగుల చేతిలో ఉంటుంది. మరీ తొందరగా పట్టుకుంటే ఇంజను గొంతు నొక్కినట్టవుతుంది. మరీ ఆలస్యంగా పట్టుకుంటే షూలు జారుతూ, రుద్దుకుంటూ కాలిపోతాయి. అద్దె కార్టులకు వాడే చవక క్లచ్ ఒకటి నా దగ్గరే ఉంది. చూపించాను. చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టేసింది. "ఇది నా ఇంజను ముందు ఒక్క పూట నిలవదండి," అంది. నిజమే. ముప్పై గుర్రాలకు తగ్గది కోయంబత్తూరు నుంచి తెప్పిస్తానన్నాను. దానికి మూడు రకాల స్ప్రింగులొస్తాయి, రంగు చుక్కలు పెట్టి. తన ఇంజనుకు పసుపు చుక్కవి కావాలంది. నేనూ లెక్క చూసుకున్నాను. పసుపే సరైనది.

చైను దగ్గర మాత్రం పేచీ పడ్డాం. బైకు చైను వేసుకోమన్నాను, దిట్టంగా ఉంటుందని. కార్టు చైనే కావాలంది, సన్న లింకులది. బైకు చైను బరువెక్కువ, ఆ వేగానికి దాని బరువుతో అదే సాగిపోతుందని వాదించింది. సన్నదైతే ప్రతిసారీ నూనె పెట్టి, లింకులు చూసుకుని, అరగక ముందే మార్చెయ్యాలి. "మార్చేస్తానండి. చైను దగ్గర కక్కుర్తి పడను," అంది. ఒప్పుకున్నాను.

అప్పుడు ఆయన మాట్లాడారు.

"చైను తెగితే ఎటు పోద్దమ్మా?"

పిల్ల విసుగ్గా "నాన్నా," అంది. ఆయన నా వైపే చూస్తున్నారు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"చెప్పలేమండి. వెనక్కి ఎగిరిపోవచ్చు. పైకి లేవచ్చు. పళ్ళచక్రానికి చుట్టుకుపోయి ఇరుసును బిగబట్టేసినా బిగబట్టేయొచ్చు."

"మనిషెక్కడుంటాడు అప్పుడు?"

"పక్కనేనండి."

ఆయన తలూపి మళ్ళీ నేల చూశారు. మావారి చేత దళసరి రేకుతో చైనుకు గార్డు చేయిస్తాననీ, అది బిగించకుండా బండి కదపకూడదనీ అమ్మాయికి గట్టిగా చెప్పాను. అలాగేనండి అంది. 

సరుకు వచ్చిందని ఫోను చేస్తే, తీసుకెళ్ళడానికి ఆయన ఒక్కరే వచ్చారు. డబ్బా విప్పి చూపించాను. క్లచ్‌ను రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. టీ వద్దన్నారు. షాపులో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఏవమ్మా, ఇది సరిగ్గా పట్టుకోకుండా చెయ్యలేమంటారా?"

నాకు అర్థం కాలేదు.

"అంటే, బండి నడవాలి. పిల్ల సరదా తీరాలి. స్పీడు మాత్రం అందుకోకూడదు. మీ దగ్గర కాస్త వీకుగా ఉన్నదేదైనా ఉంటే, డబ్బాలో అది పెట్టి ఇవ్వండి. దానికి తెలియనక్కర్లేదు."

"ఎందుకండీ?"

ఆయన క్లచ్‌ను డబ్బాలో పెట్టి మూత వేశారు. తర్వాత చెప్పారు. పిల్ల పుట్టినప్పుడు జాతకం చూపిస్తే, ఇరవై రెండో ఏట వాహన గండం ఉందన్నారట. ఆ మాట భార్యకు కూడా చెప్పలేదు. ఆవిడ తట్టుకోలేదని తన ఒక్కడి కడుపులోనే దాచుకున్నారు. పిల్లకు స్కూటీ కొనివ్వలేదు. కాలేజీకి హాస్టల్లో పెట్టారు, రోజూ బస్సెక్కే పని లేకుండా. "అన్ని దార్లూ మూసేశాననుకున్నానమ్మా. అది సెలవులకొచ్చి ఇంట్లోనే కూర్చుని బండి తయారు చేసుకుంటదని ఎవరనుకుంటారండీ? నిన్నటితో ఇరవై రెండోది వచ్చింది."

ఆయన నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. జాతకాల మీద నాకు నమ్మకం లేదు, మా ఇళ్ళలో ఆ వాడుకే లేదు. కానీ ఆయన ముఖం చూస్తే ఆ మాట అనలేకపోయాను. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆ మనిషి ఒక తేదీ వైపు నడుస్తూ వచ్చారు, ఇప్పుడు దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

అయినా కాదన్నాను. జారే క్లచ్ నెమ్మదైన క్లచ్ కాదని చెప్పాను. జారినంతసేపూ ఆ బలమంతా వేడి అవుతుంది. డ్రమ్ము నీలంగా మారిపోతుంది, లోపలి బుష్‌లో నూనె ఆవిరైపోతుంది, ఎప్పుడో ఒక్కసారిగా కరుచుకుపోతుంది. "మీరు కోతమిషను నడిపిన వాళ్ళండీ. మీకు నేను చెప్పాలా? నెమ్మదిగా వెళ్ళాలంటే వెనక పళ్ళచక్రం పెద్దది వేయించండి. అమ్మాయికి చెప్పి వేయించండి. లేదంటే నేనే చెబుతాను."

ఆయన చేతులు జోడించారు. "వద్దమ్మా. చెబితే మళ్ళీ నా మొహం చూడదు. నేనేం చెయ్యనులెండి. ఊరికే అడిగాను." డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మావారితో చెబితే, "తండ్రి కదా, భయం ఉంటుంది. మాటిచ్చారుగా," అన్నారు. ఆ సాయంత్రం అమ్మాయికి ఫోను చేసి క్లచ్ నువ్వే బిగించు, బిగించాక ఎవర్నీ చెయ్యి పెట్టనీయకు అన్నాను. "నేనే బిగిస్తానండి ఆంటీ, ఎందుకలా అంటున్నారు?" అంది. జాగ్రత్త కోసం అన్నాను.

మొదటిసారి నడిపే రోజు మమ్మల్నిద్దర్నీ రమ్మంది. గార్డు మావారు చేసిందే కాబట్టి బిగింపు చూసిపెట్టాలని. దెందులూరు దాటి హైవే దిగి, కొల్లేరు వైపు లోపలికి వెళితే ఒక మూతబడ్డ రైస్ మిల్లు ఉంది. దాని ముందు ధాన్యం ఆరబోసుకునే సిమెంటు కళ్ళం, క్రికెట్టు గ్రౌండంత ఉంటుంది. మిల్లు అమ్మాయి వాళ్ళ బంధువులదేనట. కళ్ళానికి మూడు వైపులా గోడ, నాలుగో వైపు చెరువు. కొల్లేట్లో అక్రమ చెరువులని ఒకప్పుడు సర్కారు జేసీబీలొచ్చి గట్టు కొట్టేసిన చెరువే, మళ్ళీ గట్టు లేచింది, మళ్ళీ చేపలొచ్చాయి. గట్టు కళ్ళం కంటే పెద్ద ఎత్తేమీ లేదు.

ఆ ఉదయం మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. చెరువు వైపు నుంచి చప్పరిస్తున్నట్టు ఒకటే చప్పుడు. వెళ్ళి చూస్తే నీళ్ళ మీద వేల మూతులు. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. మబ్బు పట్టిన రోజుల్లో నీళ్ళలో ఊపిరి చాలక అలా తేలతాయని తెలుసు. ఏరేటర్లకు బెల్టులూ బేరింగులూ అమ్మేదాన్ని, తెలియకేం? కానీ అన్ని నోళ్ళు ఒకేసారి ఎప్పుడూ చూడలేదు. కరెంటు పోయినట్టుంది, ఏరేటర్లు తిరగడం లేదు. కాపలా మనిషి జనరేటరు కోసం పరుగులు పెడుతున్నాడు.

"బాగోలేదండీ ఈ రోజు. ఇంకో రోజు పెట్టుకుందాం," అన్నాను అమ్మాయి తండ్రితో.

ఆశ్చర్యం, ఆయనే వద్దన్నారు. "ఏం కాదులెండమ్మా. పర్లేదు." ముఖం తేటగా ఉంది. వారం కిందట నా ముందు చేతులు జోడించిన మనిషేనా అనిపించింది.

మావారు గార్డు బోల్టులు చూశారు. నేను చైను సడలింపు చూశాను, రెండు పళ్ళచక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూశాను. అంతా సవ్యంగానే ఉంది. క్లచ్ మూత బిగించి ఉంది. అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని, తండ్రి వైపు బొటనవేలు ఎత్తి చూపి, స్టార్టు చేసింది.

ఇంజను అరుపుకు మిల్లు రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. బండి కదిలింది. ఒక చుట్టు తిరిగింది, రెండు తిరిగింది. నాకు ఏదో తేడాగా అనిపించింది. చెవికి ఒకటి వినిపిస్తోంది, కంటికి ఒకటి కనిపిస్తోంది. ఇంజను ప్రాణం పోతున్నట్టు అరుస్తోంది, బండి సైకిలు కంటే కాస్త మెరుగ్గా పోతోంది. అమ్మాయికీ అర్థం కావడం లేదు. ఇంకా నొక్కుతోంది. మా ముందు నుంచి వెళ్ళినప్పుడు గాలిలో కాలిన వాసన వచ్చింది, బ్రేకులు పట్టేసిన లారీ పక్కన వచ్చే వాసన.

ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. చేతులు కట్టుకుని, చిన్నగా నవ్వుతూ అన్నారు:

"చూశారా అమ్మా, నెమ్మదిగానే పోతుంది."

తిరిగి ఆయన ముఖం చూశాను. అంతే, తెలిసిపోయింది.  రెండు చేతులూ ఊపుతూ కళ్ళం మధ్యకు పరుగెత్తాను. "ఆపు! ఆపమ్మా!" హెల్మెట్లో, ఆ అరుపులో, ఆమెకేం వినిపిస్తుంది? ఇంకో చుట్టు చూద్దామనుకుందేమో, చెరువు వైపు మలుపు తిరిగింది.

అప్పుడు కరుచుకుంది. ఆ క్షణం వరకు జారిపోయిన బలమంతా ఒక్క దెబ్బకు ఇరుసు మీద పడింది. బండి ముందుకు దూకింది. టప్పుమని చప్పుడైంది, రేకు గార్డు మీద గుప్పెడు రాళ్ళు విసిరినట్టు. చైను తెగి లోపలే చుట్టుకుపోయింది. వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి బొంగరంలా తిరిగి, గట్టెక్కి, తిరగబడింది. అమ్మాయి గాలిలోకి లేచి చెరువులో పడడం చూశాను. చేపలన్నీ ఒక్కసారిగా మునిగిపోయాయి. కాసేపు నీళ్ళు నున్నగా అయిపోయాయి.

ఆయన ఎప్పుడు పరుగెత్తారో నాకు తెలియదు. నేను గట్టు చేరేసరికి నీళ్ళలో ఉన్నారు. గుండెల లోతే, కానీ అడుగంతా బురద, కాలు తీస్తే కాలు దిగబడుతోంది. హెల్మెట్ నిండా నీళ్ళు చేరి తల పైకి రావడం లేదు. ఆయన ఆ హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టి ఎత్తి, అద్దం పైకి తోసి, "అమ్మా, అమ్మా, అమ్మా," అంటున్నారు. ఆ పిల్ల దగ్గింది.  మావారు దిగి ఇద్దర్నీ గట్టు మీదకు లాగారు.

భుజం దగ్గరి కాలర్ బోన్ విరిగింది, కుడివైపు. మోచేయి గీసుకుపోయింది. గార్డు లేకపోతే ఆ చెయ్యి ఉండేది కాదన్నారు మావారు, నాకు మాత్రమే వినిపించేలా. ఏలూరు ఆసుపత్రిలో కట్టు కట్టారు. తల్లి వచ్చింది. ఆయన వరండాలో బురద ఆరిన పంచెతోనే కూర్చున్నారు. నేను ఒక్క మాటా అడగలేదు. అడిగితే ఏం బయటపడుతుందో ఆ తల్లి ముందు వద్దనిపించింది.

కట్టుతోనే అమ్మాయి షాపుకు వచ్చింది, ఆసుపత్రి నుంచి వెళ్ళిన కొద్ది రోజులకే. ఆయనే కారులో తీసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బండి మా షాపు వెనకే ఉంది. విప్పుదామని మావారంటే నేనే వద్దన్నాను, ఎవరి బండో వాళ్ళ ముందే విప్పాలని.

"విప్పండి ఆంటీ."

మూత తీశాను. డ్రమ్ము నీలిరంగు తిరిగి, ఒక చోట పగిలి ఉంది. షూల మీద పొర మసైపోయింది. స్ప్రింగులు తీసి గుడ్డతో తుడిచి కౌంటర్ మీద పెట్టాను. పసుపు చుక్క లేదు. దళసరి తీగతో చుట్టిన నల్లటి స్ప్రింగులు, కోతమిషన్లలో వాడేవాటి లాంటివి. షూలను విచ్చుకోనివ్వకుండా వెనక్కి లాగి పట్టే రకం.

ఆమె ఎడమచేత్తో ఒకటి తీసుకుని చూసింది. "ఇవి మీరిచ్చినవి కావు కదండీ?"

"కావమ్మా."

గుమ్మం వైపు తిరిగింది. ఆయన కళ్ళు దించుకోలేదు.

"ఆ పొద్దున్నే మార్చాను," అన్నారు. "నువ్వు టిఫిను తింటుండగా."

"ఎందుకు నాన్నా?"

చెప్పారు. గండం సంగతి, జాతకం సంగతి, ఇన్నేళ్ళు మోసిన సంగతి. నా ముందే, మావారి ముందే చెప్పారు. ఆమె మధ్యలో అడ్డురాలేదు. అంతా విన్నాక అడిగింది:

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే మానేసేదానివా?"

ఆ పిల్ల ఆలోచించింది. నిజంగానే ఆలోచించి చెప్పింది. "మానేదాన్ని కాదు."

"మరి?"

  అప్పుడు ఆయన ముఖంలోకి నేను ఊహించనిది వచ్చింది. తేలిక. మోపు దించుకున్న కూలివాడి ముఖం ఎలా ఉంటుందో అలా. "పోనీలేమ్మా," అన్నారు కూతురితో, "వచ్చింది, పోయింది. గండం గడిచిపోయింది. ఇంక నీకేం భయం లేదు." నా వైపు తిరిగి, "అదే క్లచ్ మళ్ళీ తెప్పించండమ్మా. పసుపు చుక్కవే. మొత్తం కొత్తది," అన్నారు.

ఆయన మాటకు అమ్మాయి భుజం నొప్పి మర్చిపోయి నిలబడిపోయింది. నాకు కోపం రావాలి, రాలేదు. భయం వేసింది. ఆయనకు తను చేసిన పని కనిపించడం లేదు. విధి చేసిన పనే కనిపిస్తోంది.

ఎముక అతుక్కున్నాక, చలి మొదలయ్యే రోజుల్లో బండి మళ్ళీ తయారైంది. క్లచ్ ఈసారి మా షాపులోనే బిగించింది. మూత బోల్టులకు కన్నాలు వేసి, తీగ గుచ్చి, మావారి చేత సీలు వేయించుకుంది. తండ్రి పక్కనే ఉండి చూస్తున్నారు, నొచ్చుకోలేదు. మళ్ళీ అదే కళ్ళానికి వెళ్ళాం. గట్టు పొడవునా ఇసుక బస్తాలు పేర్పించారు ఆయన. ఆమె నడిపింది. ఈసారి శబ్దమూ వేగమూ ఒక్కటిగా ఉన్నాయి. చూస్తుంటే కళ్ళు వెనకబడిపోయాయి. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఆయన చప్పట్లు కొట్టారు.

ఆగాక హెల్మెట్ తీసి అంది, "మీరూ ఒకసారి నడపండి నాన్నా. తెలుస్తుంది మీకు."

ఏం తెలుస్తుందని ఆమె ఉద్దేశమో నేనడగలేదు. ఆయన సిగ్గుపడ్డారు. తర్వాత పంచె ఎగగట్టబోతే, చైను దగ్గర పంచె కూడదని ఆమె గదమాయించి మావారు వెంట తెచ్చుకున్న పని ప్యాంటు ఇప్పించింది. కూర్చున్నారు. మొదటి చుట్టు బండి నడక నడిచింది. రెండో చుట్టుకు మలుపులు తెలిశాయి. కోతమిషను నడిపిన చేతులు కదా. మూడో చుట్టుకు ఇంజను గొంతు మారింది, క్లచ్ పూర్తిగా పట్టుకుంది. మా ముందు నుంచి వెళ్ళినప్పుడు హెల్మెట్లో ఆయన కళ్ళు చూశాను. ఎవర్నీ చూడటం లేదు.

"చాల్లెండి నాన్నా!" అమ్మాయి చెయ్యి ఎత్తింది.

ఆయన ఆగలేదు. మళ్ళీ చెయ్యి ఊపింది, రెండు చేతులూ ఊపింది. బస్తాల పక్కనుంచి, ఇసుక రేగేంత దగ్గరగా మలుపు తీసుకుని ఇంకా వేగంగా వచ్చారు. నా పక్కన ఆ పిల్ల శ్వాస వినిపిస్తోంది. అతుక్కున్న ఎముక మీద చెయ్యి వేసుకుని నిలబడి, తండ్రి ఎటు వెళితే అటు తల తిప్పుతోంది. పెదవులు కదులుతున్నాయి. చుట్లు లెక్కపెడుతోందో, దేవుణ్ణి తలుచుకుంటోందో.

పెట్రోలు అడుగంటాక బండి దగ్గి, దానంతటదే ఆగింది. ఆయన దిగి, తూలుతూ నవ్వుతూ వచ్చారు. "ఇంకొంచెం పెట్రోలు పొయ్యమ్మా. ఒక్క రౌండు," అన్నారు.

అమ్మాయి నవ్వలేదు. వంగి, బండి మళ్ళీ స్టార్టు కాకుండా ఇంజను మీది ప్లగ్గు వైరు పీకి జేబులో పెట్టుకుంది. 

"ఇంటికి పదండి నాన్నా," అంది. "అమ్మ ఎదురు చూస్తుంటుంది."